పత్తర్‌గట్టి వరండా ఎవరిది?

హైదరాబాద్‌లో చార్మినార్ నుంచి మదీనా చౌరస్తా వైపు నడిస్తే రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానుల వరస కనిపిస్తుంది. అదే పత్తర్‌గట్టి. పత్తర్ అంటే ఉర్దూలో రాయి. ఆ కమానుల వెనక షాపుల ముందంతా వరండా ఉంటుంది. పేరుకే వరండా! బట్టల కట్టలు, లెహంగాలు తొడిగిన బొమ్మలు, బేరాలకు పిలిచే కుర్రాళ్ల మధ్య షాపు ఎక్కడ మొదలవుతుందో తెలీదు. ఇక రంజాన్ నెల రాత్రుల్లో అక్కడ కాలు పెట్టే సందు కూడా దొరకదు.

కట్టినప్పుడు లెక్క వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసి వేలమందిని బలి తీసుకుంది. ఆ దెబ్బతో నగరాన్ని కొత్తగా దిద్దుకోవాలన్న ఆలోచన వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తీసేసి, రోడ్లను వెడల్పు చేసి, మార్కెట్లు కట్టడం దాని పని. పత్తర్‌గట్టి ఆ బోర్డు చలవే. కింద కొట్టు, పైన కాపురం, కొట్టు ముందు జనం ఎండా వానా తగలకుండా నడిచే దారి. కొనేవాడికి నీడ, అమ్మేవాడికి బేరం. రెండూ కలిసొచ్చే ఏర్పాటు.

ముందు మారింది పై అంతస్తు. పాతబస్తీలో వ్యాపారం పెరిగేకొద్దీ కాపురాలు వేరే పేటలకు తరలాయి. ఆ గదుల్లోకి సరుకు వచ్చి చేరింది. కింద ముత్యాలు, అత్తరు, పెళ్లిబట్టలు అమ్ముతుంటే పైన స్టాకు పెట్టుకున్నారు. రాత్రిళ్లు మనుషులుండే వీధికి, షట్టర్లు దించాక ఖాళీ అయ్యే వీధికి చాలా తేడా ఉంటుంది. గోడకు నెర్రె పడితే అందులో కాపురముండే మనిషి వెంటనే చూస్తాడు. గోడౌన్‌కు తాళం వేసుకుని వెళ్లిపోయేవాడికి అది కనపడదు.

వరండా ఆ తర్వాత పోయింది, అదీ ఒక్కరోజులో కాదు. ఒకాయన స్టూలు వేశాడు, పక్కాయన బల్ల వేశాడు.

పాత కట్టడాల కోసం 1995లో హైదరాబాద్‌కు హెరిటేజ్ నిబంధనలు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చాయి. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచారు. అవి మంచి పనులే. కానీ మన వారసత్వపు ధ్యాసంతా కట్టడం ముఖం మీదే ఉంటుందనిపిస్తుంది. కమాను చెక్కుచెదరకపోతే చాలు, దాని కింద మనిషి నడవగలడా అని అడిగేవాళ్లు తక్కువ. పోనీ ఖాళీ చేయిద్దామా అంటే, ఆ బల్లల మీదే బతికే కుటుంబాలున్నాయి.