మోన్ సాన్ మిషెల్: సముద్రం కోసం రోడ్డు తవ్వేశారు

నిక్షేపంలాంటి రోడ్డును ఎవరైనా తవ్వి పారేస్తారా? ఫ్రాన్స్‌లో తవ్వేశారు. నార్మండీ తీరంలోని మోన్ సాన్ మిషెల్ అనే కొండ దీవికి 1879 నుంచి ఒక కట్ట రోడ్డు ఉండేది. కార్లు, బస్సులు దానిమీదుగా కోట గోడల దాకా వెళ్లేవి. 2014లో పక్కనే సన్నని వంతెన తెరిచి, ఆ తర్వాత కట్టను ఆనవాలు లేకుండా తొలగించారు. దీవి చుట్టూ ఇసుక, బురద పేరుకుపోయి సముద్రం దూరం జరిగిపోతుండడమే దీనికి కారణం. ఇలాగే వదిలేస్తే 2040 నాటికల్లా ఆ కొండ గడ్డి మైదానం మధ్య నిలబడిపోతుందని నిపుణులు తేల్చారు.

‘పోతే పోయింది, నడిచి వెళ్లడం తేలిక కదా’ అనుకోవచ్చు. కానీ ఆ నీళ్లు లేకపోతే ఈ చోటికి చరిత్రే లేదు.

నార్మండీ, బ్రెటనీ కలిసే మూలన ఉన్న లోతు తక్కువ అఖాతం ఇది. మన విశాఖ తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో అది 14 మీటర్ల దాకా పోతుంది. అంటే నాలుగంతస్తుల మేడ మునిగేంత! నేల దాదాపు చదునుగా ఉండడంతో ఆటు సమయంలో సముద్రం 10 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు గుర్రం దౌడు తీసినంత వేగంగా వస్తుందని అక్కడివాళ్ల మాట. నిజానికది మనిషి వడిగా నడిచేంత వేగమే. ప్రమాదం వేగంలో కాదు, వాగుల దారిన నీరు చుట్టుతిరిగి మన వెనక చేరడంలో ఉంది. దానికి తోడు ఊబులు. 11వ శతాబ్దంలో కుట్టిన ప్రసిద్ధ బాయో వస్త్రంలో, నార్మండీ డ్యూక్ విలియం సైన్యంతో వెళ్తున్న ఇంగ్లండు ప్రభువు హెరాల్డ్ ఇక్కడి ఊబిలో దిగబడ్డవాళ్లను పైకి లాగుతున్న దృశ్యం ఉంది. వెనకాల కొండ మీద మఠం కనిపిస్తుంది.

మఠం కథ 708లో మొదలవుతుంది. దేవదూత మిఖాయేలు దగ్గర్లోని అవ్రాంష్ ఊరి బిషప్ ఓబేర్ కలలోకి వచ్చి, ఆ కొండ మీద గుడి కట్టమన్నాడట. రెండుసార్లు చెప్పినా ఓబేర్ కదలకపోయేసరికి, మూడోసారి వేలితో నుదుటి మీద పొడిచాడట. రంధ్రం ఉన్న ఒక పుర్రెను ఓబేర్‌దిగా భావించి అవ్రాంష్ చర్చిలో నేటికీ భద్రపరిచారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, యాత్రికులు మాత్రం ఆనాటి నుంచి వస్తూనే ఉన్నారు. 966లో నార్మండీ డ్యూక్ మొదటి రిచర్డ్ ఇక్కడ బెనెడిక్టైన్ సన్యాసులను నెలకొల్పాడు.

1023లో పెద్ద చర్చి కట్టడానికి పూనుకున్నప్పుడు వాళ్లకు ఎదురైన చిక్కు చూడండి. సుమారు 80 మీటర్ల ఎత్తున్న ఆ గ్రానైట్ కొండ కొస మొనదేలి ఉంది. అంత పొడవైన చర్చికి అక్కడ చోటే లేదు. కొండను చెక్కి చదును చేయలేదు. చుట్టూ వాలు మీద నేలమాళిగల్లాంటి గదులు లేపి, వాటి పైకప్పుల మీద చర్చిని నిలబెట్టారు. 13వ శతాబ్దపు తొలినాళ్లలో ఉత్తరం వైపు ‘లా మెర్వెయ్’, అంటే అద్భుతం, వెలిసింది. ఒకదానిమీద ఒకటిగా మూడంతస్తులు: అడుగున బీదలకు దానం చేసే గది, సరుకుల కొట్టు, నడుమ అతిథుల శాల, పైన సన్యాసుల భోజనశాల, ఆకాశం కనిపించే స్తంభాల వసారా. 1421లో చర్చి తూర్పు భాగం కూలిపోయింది. మళ్లీ కట్టి ముగించేసరికి 16వ శతాబ్దం వచ్చింది.

అది కూలిన కాలంలోనే ఫ్రాన్స్, ఇంగ్లండుల మధ్య నూరేళ్ల యుద్ధం నడుస్తోంది. నార్మండీ అంతా ఇంగ్లిషువాళ్ల వశమైనా ఈ కొండ లొంగలేదు. పక్కనున్న టాంబ్లేన్ దీవిలో శత్రువు తిష్ఠ వేసి ఏళ్ల తరబడి ముట్టడించినా ఫలితం లేకపోయింది. 1434 దాడిలో వాళ్లు వదిలేసి పోయిన రెండు ఫిరంగులు ఇప్పటికీ ప్రవేశద్వారం దగ్గరే ఉన్నాయి. గోడల బలం ఎంతో, పోటు బలమూ అంతే. రోజుకు రెండుసార్లు మునిగే నేల మీద సైన్యం గుడారాలు వేసుకోలేదు.

అవే నీళ్లు ఆ తర్వాత సంకెళ్లయ్యాయి. ఫ్రెంచి విప్లవం సన్యాసులను పంపేశాక మఠం 1863 దాకా జైలుగా ఉంది. అక్కడో పెద్ద కొయ్య చక్రం ఉంది. ఖైదీలు దాని లోపల దిగి అడుగులేస్తుంటే చక్రం తిరిగి, తాడు చుట్టుకుని, కింది నుంచి సరుకుల బండి ఏటవాలు రాతి బాట మీదుగా పైకి వచ్చేది. చూపు పడినంత దూరం సముద్రం. వాళ్ల నడక మాత్రం చక్రంలోనే.

ఇక పూడిక సంగతి. పోటు బలంగా వస్తూ సన్నని ఒండ్రును మోసుకొస్తుంది. ఆటు నెమ్మది, అంతా తిరిగి తీసుకుపోలేదు. మిగిలినదాన్ని క్వెనోన్ నది తోసేసేది. నార్మండీ, బ్రెటనీలకు హద్దయిన ఆ నది ఎప్పటికప్పుడు దారి మార్చుకునేది. ‘క్వెనోన్ పిచ్చెత్తి కొండను నార్మండీకి ఇచ్చేసింది’ అనే సామెత అలా పుట్టిందే. 19వ శతాబ్దంలో పొలాల కోసం సముద్రానికి కట్టలు వేశారు, నదిని కాలువలా బిగించారు. ఆపై యాత్రికుల కోసం కట్ట రోడ్డు పడింది, 20వ శతాబ్దం మొదట్లో దానిమీద రైలు కూడా నడిచింది. 1969లో నది ముఖాన పోటు పైకి ఎక్కకుండా బ్యారేజీ కట్టారు. ప్రతి పనికీ ఆనాటికి న్యాయమైన కారణమే ఉంది. పంట కావాలి, దారి కావాలి, ఎగువ పొలాలు మునగకూడదు. అన్నీ కలిసి నది గొంతు నొక్కేశాయి. 1979లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చేనాటికే పూడిక కొండను చుట్టుముడుతోంది.

యంత్రాలతో బురద ఎత్తిపోయడం తెగని పని. అందుకే నదికే ఆ పని తిరిగి అప్పగించారు. నాకు ఈ కథలో బాగా నచ్చిన తెలివి ఇదే. 2009లో సిద్ధమైన కొత్త బ్యారేజీకి 8 గేట్లు. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీటిని నదిలోకి రానిస్తాయి, పట్టి ఉంచుతాయి, కింద నీరు తీశాక వదులుతాయి. ఆ వడికి ఒండ్రు కొట్టుకుపోతుంది. మన జలాశయాల్లో పూడికతో అవస్థ పడేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

కట్ట స్థానంలో వచ్చిన వంతెన సన్నని స్తంభాల మీద నిలబడుతుంది, నీరు కింద నుంచి ఎటైనా పోవచ్చు. కార్లు దూరంగా ఆగిపోతాయి. నడిచో షటిల్ బస్సెక్కో వెళ్లాలి. వంతెన కోట తలుపు దాకా పోదు. చివర కొంత మేర పల్లపు బాటగా ఉంచారు, ఏడాదిలో కొన్ని పెద్ద పోట్లకు అది మునిగి కాసేపు రాకపోకలు ఆగిపోతాయి. 2015 మార్చి 21న వచ్చిన మహా పోటుకు ఇలా కొండ దీవి కావడం చూడటానికి జనం పోటెత్తారు.

అఖాతం మొత్తం మీద పూడిక ఆగలేదు. వెనకటి తీరం మీద వేసిన పొలాలు పొలాలుగానే ఉన్నాయి, వాటిని ఎవరూ వెనక్కి అడగడం లేదు. ఒడ్డు వెంట ఉప్పుగడ్డి మేసే గొర్రెల మందలూ అలాగే ఉన్నాయి. కాపాడుకున్నది కొండ చుట్టూ ఉన్న నీళ్లనే. ఆ గేట్లు ఆగితే మళ్లీ పూడుతుంది.