బాధ తెలియని కోడిని పుట్టించవచ్చా?

2009లో ఆడమ్ ష్రైవర్ అనే అమెరికన్ తత్వశాస్త్ర పరిశోధకుడు ఒక వ్యాసం ప్రచురించారు. ఎంత ప్రచారం చేసినా జనం మాంసం మానడం లేదు, వేలాది పశువులను కుక్కి పెంచే ఫారాలు తగ్గడం లేదు. అలాంటప్పుడు జన్యువులు మార్చి, ఆ పశువులకు బాధే తెలియకుండా చేస్తే తప్పేమిటని అందులో అడిగారు.

ఆ ప్రశ్న వెనుక నాడీశాస్త్రం ఉంది. నొప్పి ఎక్కడ, ఎంత తీవ్రంగా ఉందో తెలియడం ఒక సంగతి. దాన్ని భరించలేకపోవడం మరో సంగతి. ఈ రెండో పని మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే భాగంతో ముడిపడి ఉంటుంది. అక్కడ పనిచేసే రెండు ఎంజైములు లేకుండా పుట్టించిన ఎలుకలు వేడి తగిలితే కాలు వెనక్కి తీసుకున్నాయి కానీ, గాయం తరువాత చాలాసేపు ఉండే బాధ లక్షణాలు వాటిలో బాగా తగ్గాయి. నొప్పిని పూర్తిగా తీసేయాలని ష్రైవర్ కోరలేదు. అలా తీసేస్తే ఏమవుతుందో 2006లో వెలువడిన ఒక జన్యు పరిశోధన చూపించింది. ఉత్తర పాకిస్తాన్‌లో నొప్పే తెలియని ఒక బాలుడు చేతుల్లో కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి వీధుల్లో ప్రదర్శనలిచ్చేవాడు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటికప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. అతని బంధువుల కుటుంబాలను పరీక్షించినప్పుడు ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువులో లోపం బయటపడింది.

పశువుల బాధ బహిరంగ చర్చకు రావడానికి బ్రిటన్‌లో రూత్ హారిసన్ 1964లో ప్రచురించిన పుస్తకం ముఖ్య కారణం. జంతువులను యంత్రాల్లా చూస్తున్న ఫారాల తీరును ఆమె అందులో వివరించారు. ఫారాల్లో పశువుల స్థితిని పరిశీలించడానికి ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీని వేసింది. లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి పశువుకు చోటుండాలని 1965లో ఆ కమిటీ చెప్పింది. ఆ మాత్రం చోటు కూడా దొరకని కోళ్లు ఈనాటికీ పంజరాల్లో ఉన్నాయి.

చోటు పెంచడానికి ఖర్చవుతుంది. అందుకే పశువునే మార్చే ఆలోచన బలపడింది. 1980లలో కెనడాలో, జన్యులోపంతో గుడ్డివిగా పుట్టే కోళ్లను పరిశీలించారు. అవి ఒకదాన్నొకటి తక్కువగా పొడుచుకున్నాయి, గుడ్లు పెట్టడంలోనూ వెనకబడలేదు. మరి కోళ్లన్నిటినీ గుడ్డివిగానే పుట్టిస్తే? తత్వవేత్త పాల్ థామ్సన్ 2008లో దీన్ని ‘గుడ్డి కోడి సమస్య’గా చర్చించారు. అంతకుముందు 1995లో అమెరికన్ తత్వవేత్త బెర్నార్డ్ రోలిన్ ఒక సూత్రం ప్రతిపాదించారు: జన్యువులు మార్చిన పశువు స్థితి దాని తల్లిదండ్రుల స్థితికంటే అధ్వానం కాకూడదు. ఆ కొలత ఒక్కటే పట్టుకుంటే గుడ్డి కోడి, బాధ తెలియని కోడి రెండూ నెగ్గుకొస్తాయి. నాకు ఆ కొలత చాలదనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే బ్రాయిలర్ చరిత్ర చూడాలి.

కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వారు 1957 నాటి కోడి వంశాన్ని, 2005 నాటి బ్రాయిలర్ వంశాన్ని ఒకే దాణాతో పెంచి చూశారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు తూగింది, రెండోది 4,202 గ్రాములు. ఆ బరువును కాళ్లు మోయలేవు. మన ఊళ్ల శివార్లలోని షెడ్లలో ఆరు వారాలకే కోతకొచ్చే కోళ్లూ ఇలా వేగంగా పెరగడానికి ఎంపిక చేసిన జాతులే. 2000లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు కుంటుతున్న బ్రాయిలర్ల ముందు రెండు రంగుల దాణా ఉంచారు. ఒకదానిలో కార్‌ప్రోఫెన్ అనే నొప్పి మందు కలిపారు. కుంటే కోళ్లు ఆరోగ్యంగా ఉన్నవాటికంటే మందు దాణాను ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటితనం పెరిగేకొద్దీ తిన్న మందూ పెరిగింది. మందు తిన్నాక నడక మెరుగుపడింది.

నోరు లేని జీవి తనకు నొప్పిగా ఉందని ఇంత స్పష్టంగా చెప్పడం నేను మరెక్కడా చదవలేదు. ఆ బాధ తెలియకుండా చేస్తే కాళ్లు బాగుపడవు, కోడి ఫిర్యాదు మాత్రం ఆగిపోతుంది. ఇంకా బరువు పెంచడానికి, ఇంకా ఇరుకుగా పెట్టడానికి అడ్డే ఉండదు. ష్రైవర్ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. కానీ ఆ కోడి చేరేది ఈ ఫారాలకే.

జన్యువుల్లో మార్పు ప్రతిదీ ఒకటే కాదు. పాడి దూడలకు కొమ్ము మొలిచే చోట కాల్చిన ఇనుముతో వాత పెడతారు. కొమ్ములే మొలవని దూడలను జన్యు సవరణతో పుట్టించినట్టు 2016లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. వాటిలో బ్యాక్టీరియా డీఎన్ఏ కలిసిపోయిందని 2019లో బయటపడటం ఆ పద్ధతికి పెద్ద దెబ్బే. అయినా అక్కడ తొలగించాలనుకున్నది బాధకు కారణమైన వాతను. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం నిర్ణీత పద్ధతిలో కొమ్ములు తీయడాన్ని, వట్టలు కొట్టడాన్ని, వాతలు పెట్టడాన్ని, ముకుతాడు వేయడాన్ని నేరాల నుంచి మినహాయించింది.

పశువును కబేళా దాకా తేకుండా, దాని కణాల నుంచి మాంసాన్నే పెంచాలన్న ఆలోచన మరో దారి. జపాన్ యుద్ధఖైదీల శిబిరంలో ఆకలిని, పశువులపై క్రూరత్వాన్ని చూసిన డచ్ పౌరుడు విల్లెమ్ వాన్ ఈలెన్ దీని కోసం దశాబ్దాలు తిరిగి 1990ల చివర్లో పేటెంటు పొందారు. 2013 ఆగస్టు 5న లండన్‌లో డచ్ శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ కణాల నుంచి పెంచిన మాంసంతో చేసిన బర్గర్‌ను చూపించారు. ఖర్చు సుమారు 2,50,000 యూరోలు. 2020 డిసెంబరులో సింగపూర్ ఇలాంటి కోడిమాంసం అమ్మకానికి మొదటగా అనుమతించింది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన రెండు సంస్థల్లో అప్‌సైడ్ ఫుడ్స్ ఒకటి. దాన్ని ప్రారంభించిన వారిలో ఒకరైన ఉమా వలేటి విజయవాడలో పెరిగిన హృద్రోగ నిపుణుడు. పన్నెండేళ్ల వయసులో పుట్టినరోజు విందుకు వెళ్లి, ఇంటి ముందు సందడిని, పెరట్లో జంతువులను కోయడాన్ని ఒకేసారి చూశానని ఆయన చెప్పారు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి, జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి ఇదే తరహా పరిశోధన కోసం 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సుమారు 4.5 కోట్ల రూపాయలు ఇచ్చింది.

ఈ దారికీ ఒక మచ్చ ఉంది. కణాలు పెరగడానికి తొలినాళ్లలో వాడిన ద్రవంలో, కోతకొచ్చిన చూడి ఆవుల గర్భస్థ దూడల రక్తం నుంచి తీసిన సీరం ఉండేది. సింగపూర్‌లో మొదట అమ్మిన కోడిమాంసం తయారీలోనూ దాన్ని కొద్దిగా వాడారు. అది లేని ద్రవాలు ఆ తరువాత వచ్చాయి. ఇటలీ 2023లో, ఫ్లోరిడా 2024లో పశుపోషకుల జీవనోపాధిని, ఆహార సంప్రదాయాన్ని కారణాలుగా చెప్పి ఈ మాంసాన్ని నిషేధించాయి. జీవనోపాధి భయాన్ని తేలిగ్గా తీసుకోలేం, దానికి సహాయ పథకాలు కావాలి. ఏ ద్రవంలో, ఏ పశువు కణాలతో పెంచారో ప్యాకెట్ మీదే రాయాలని చట్టం చేయడం నిషేధంకంటే మేలు. ఆ వివరం చూసి కొనాలో వద్దో కొనేవారు తేల్చుకుంటారు.