సీడీ ఆడలేదంటే తప్పెవరిది? మూలం 2012లో ఉంది

పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయో లేదో కడప, ప్రొద్దుటూరు, అనంతపురం వైపు పాత తగువు మళ్లీ లేచింది. స్టూడియో వాళ్లు పెళ్లి వీడియోను పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నారు. పల్లెలో జేజినాయన ఇంట్లో టీవీ కింద ఉన్నదేమో పాత డీవీడీ ప్లేయర్. మనవడు ల్యాప్‌టాప్‌లో డిస్క్ కొట్టి పంపిస్తాడు, ప్లేయర్‌లో పెడితే ‘నో డిస్క్’ అంటుంది. ‘అన్నా, సీడీ ఆడల్యా’ అని స్టూడియోకు ఫోన్ పోతుంది. ‘మా ఫైల్ బాగానే ఉందన్నా, మీరు ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడినారు, అందుకే’ అని జవాబొస్తుంది. కొన్న సాఫ్ట్‌వేరా, ఉచితందా అన్న రగడంతా ఇక్కడ పుట్టిందే.

వీడియో క్యాసెట్లు, వీసీడీల ముచ్చట అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2012. అప్పటిదాకా విండోస్ విస్టా, విండోస్ 7లలో ఇంటి వాడకానికి అమ్మిన ప్రీమియం రకాల్లో డీవీడీ మేకర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండేది. వీడియో వేసి, మెనూ ఎంచుకుని, బటన్ నొక్కితే ప్లేయర్‌కు అర్థమయ్యే డిస్క్ వచ్చేది. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8లో దాన్ని తీసేశారు. డీవీడీ చూపించే సదుపాయాన్నీ మామూలు విండోస్ నుంచి తప్పించారు, లైసెన్సు ఖర్చు భారమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. డీవీడీలు తయారుచేయడానికి స్టూడియోల్లో ఎక్కువగా నడిచిన అడోబీ ఎన్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్‌కు చివరి వెర్షన్ సీఎస్6 కూడా ఆ ఏడాదిదే. కొత్త మ్యాక్‌లలో డీవీడీలు తయారుచేసే తన ఐడీవీడీ ప్రోగ్రామ్‌ను పెట్టడం ఆపిల్ 2011లోనే మానేసింది.

రైటర్ డ్రైవులూ, ఖాళీ డిస్కులూ అంగట్లో దొరుకుతున్నాయి. పోయింది మాత్రం ఆథరింగ్, అంటే వీడియోను ప్లేయర్‌కు అర్థమయ్యే డీవీడీగా మలిచే పని. విండోస్‌లో మిగిలిన ‘బర్న్’ చేసేది ఫైళ్లను డిస్క్ మీదికి కాపీ కొట్టడమే. డీవీడీ ప్లేయర్ వెతికేది వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌ను. అందులో దారి చూపే ఐఎఫ్‌ఓ ఫైళ్లు, వాటి నకళ్లయిన బీయూపీలు, ఒక్కోటి 1 జీబీ దాటని వీఓబీ ఫైళ్లు ఉండాలి. బొమ్మ ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలో, మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో 720×576 సైజులో, సెకనుకు 25 ఫ్రేములుగా ఉండాలి. శబ్దం 48 కిలోహెర్ట్జ్. స్టూడియో ఇచ్చే ఎంపీ4లోని హెచ్.264 అనే మరో కుదింపు పద్ధతి బొమ్మను పాత ప్లేయర్లలో ఎక్కువ భాగం చదవలేవు. పైన డివ్ఎక్స్ అనే గుర్తున్న ప్లేయర్లు ఏవీఐ రకం ఫైళ్ల వరకు ఆడతాయి, అంతే. కాబట్టి ఫైల్‌ను ఉన్నదున్నట్టు డిస్క్‌కు ఎక్కిస్తే ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో రాసినా ఫలితం ఒకటే.

ఎన్‌కోర్‌ను స్టూడియోలు మెచ్చుకోవడంలో న్యాయం ఉంది. కరిజ్మా అనే పెళ్లి ఫొటోల ఆల్బమ్ చేసే ఫొటోషాప్‌లోనే మెనూ గీసి, లేయర్ గ్రూపు పేరు ముందు బ్రాకెట్లో ప్లస్ గుర్తు పెడితే అది బటన్ అయిపోయేది. అను అనే తెలుగు ఫాంట్లతో పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు అందంగా కుదిరేవి. కదిలే మెనూలు, తీరైన పనితనం కావాలనుకునేవాళ్లకు కొన్న సాఫ్ట్‌వేరే మేలన్న మాటా నిజమే.

కానీ ఇంటి అవసరం అంత లేదు. అమెరికాలో ఎంపెగ్-2 పేటెంట్ల గడువు 2018 ఫిబ్రవరిలో తీరింది, లైసెన్సు బరువు అనే పాత సాకు అక్కడితో సడలింది. ఉచితంగా దొరికే డీవీడీ స్టైలర్ చాలు. కొత్త ప్రాజెక్టులో డిస్క్ 4.7 జీబీ, ఫార్మాట్ పాల్, నిష్పత్తి 16:9, శబ్దం ఏసీ3 (డీవీడీల్లో వాడే శబ్ద పద్ధతి) అని పెట్టుకోవాలి. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతల దగ్గర చాప్టర్లు పెట్టుకోవాలి. మెనూలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే పేర్లను బొమ్మగా చేసి వెనుక తగిలించుకోవడమే.

క్వాలిటీ పోయిందన్న ఫిర్యాదు నిజానికి బిట్‌రేట్, అంటే సెకనుకు ఎంత డేటా కేటాయించామన్న లెక్క, తప్పడం వల్ల వచ్చేది. 4.7 జీబీ అంటే సుమారు 3.76 కోట్ల కిలోబిట్లు. దాన్ని 2 గంటలకు పంచితే సెకనుకు 5,200, శబ్దానికీ మెనూకూ పోను బొమ్మకు 4,800 దాకా పెట్టొచ్చు. అదే డిస్క్‌లో 3 గంటలు కుక్కితే బొమ్మ వంతు 3,200కు పడిపోతుంది. అక్షింతలు చల్లేటప్పుడు తెరంతా గళ్లుగళ్లుగా విరగడం అందుకే. పెళ్లి 3 గంటలుంటే రెండు డిస్కులు చేయడం మంచిది. గంట వీడియోకైనా 8,000 దాటించొద్దు. డీవీడీ ప్రమాణంలో 9,800 దాకా చోటున్నా ఇంట్లో రాసిన డిస్క్ మీద అంత వేగానికి పాత ప్లేయర్లు తడబడతాయి.

తలంబ్రాలు పోసే చేతులు వణికినట్టు కనిపిస్తే ఫీల్డ్ ఆర్డర్, అంటే ఒక్కో ఫ్రేములోని రెండు సగాల్లో ఏది ముందు రావాలన్న వరుస, తిరగబడినట్టు. పాత డీవీ టేపుల్లో కింది ఫీల్డ్ ముందు, ఇలా సగాలుగా తీసే హెచ్‌డీ వీడియోలో (ఇంటర్‌లేస్డ్) పై ఫీల్డ్ ముందు. బంధువుల ఫోన్ క్లిప్పులు కలిపితే పోనుపోను మాట ఒకచోట, పెదవులు ఒకచోట అవుతాయి. ఫోన్‌లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు గనుక. వాటిని ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకోవాలి.

నేరుగా బర్న్ చేయకుండా ముందు ఐఎస్ఓ (డిస్క్ మొత్తానికి ఒకే ఫైల్ నకలు) తీసి కంప్యూటర్‌లో ఆడించి చూడండి. తర్వాత డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్ ప్రోగ్రామ్‌తో డీవీడీ-ఆర్ మీద 4 లేదా 8 స్పీడులో రాసి, రాసింది సరిగా ఉందో లేదో చూసే వెరిఫై పెట్టండి. డిస్క్ మీద ఫొటో స్టిక్కర్ అంటించొద్దు, బరువు ఒక పక్కకు లాగుతుంది. ఎండాకాలం కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు. స్టూడియో దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకునేటప్పుడే ఫైల్ 25 ఫ్రేముల్లో ఉందా, 50లోనా అని అడిగి రాసుకోండి. రెండూ పాల్‌కు సాఫీగా దిగుతాయి. 30 అంటే మాత్రం 25లో ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి ఇమ్మని అక్కడే అడగండి.