వోల్టేర్ కళ్లలో ఊదోన్ ఉలి

ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ దాదాపు 28 ఏళ్ల తర్వాత 1778 ఫిబ్రవరిలో పారిస్‌కు తిరిగొచ్చాడు. అప్పటికి ఆయనకు 83 ఏళ్లు. ఆ వసంతంలోనే శిల్పి జాన్ ఆంత్వాన్ ఊదోన్ ముందు కూర్చున్నాడు. మే 30న కన్నుమూశాడు. ఆ కొద్ది సిట్టింగులతో రూపుదిద్దుకున్న వోల్టేర్ తలలు ఇవాళ ఎన్నో మ్యూజియంలలో కనిపిస్తాయి. ఒకచోట బట్టతల, ఇంకోచోట విగ్గు, మరోచోట భుజాల మీద రోమన్ వస్త్రం. పాలరాయి, కంచు, ప్లాస్టర్ అన్నిట్లోనూ ఉన్నాయి. మరి ఊదోన్ చేత్తో చెక్కిన పాలరాతి తల ఏదో ఎలా తెలుస్తుంది?

అసలు చిక్కంతా తయారీలోనే ఉంది. శిల్పి ముందు బంకమట్టితో రూపం చేస్తాడు. దానికి అచ్చు తీసి ప్లాస్టర్ పోస్తారు. ఆ ప్లాస్టర్ తల మీద గుర్తులు పెట్టుకుని, ఒక్కో గుర్తు ఎంత లోతులో ఉందో కొలిచి, రాతిలో సరిగ్గా అంత లోతుకు బెజ్జాలు వేస్తారు. మధ్యలో మిగిలిన రాయిని సహాయకులు కొట్టేస్తారు. గురువు ఉలి పట్టేది ఎక్కువగా చివర్లోనే. కాబట్టి మనం వెతకాల్సిందంతా పైన ఉండే పల్చటి పొరలోనే.

ల్యాబ్ ఇక్కడ కొంత సాయం చేస్తుంది. పాలరాయి అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. చిటికెడు పొడి తీసి అందులోని కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉండే పరమాణువుల) నిష్పత్తి చూస్తే రాయి ఏ గనిదో చాలావరకు అంచనా వేయొచ్చు. కానీ ఇటలీలోని కరారా రాయిని ఊదోన్ కాలపు శిల్పులూ వాడారు, తర్వాతి శతాబ్దంలో నకళ్లు చేసినవాళ్లూ వాడారు. అతినీలలోహిత కాంతిలో పాతబడిన ఉపరితలం ఒక రంగులో, కొత్తగా చెక్కిన చోటు ఇంకో రంగులో మెరుస్తాయి. ఈమధ్య చేసిన మరమ్మతులు అలా బయటపడతాయి. చెక్కింది ఎవరన్నది మాత్రం ఈ పరీక్షలకు అందదు.

అందుకే నేనైతే ముందు కళ్లు చూడమంటాను. పాలరాయికి నల్లటి కనుపాప ఉండదు. చాలామంది శిల్పులు కంటిగుడ్డును నున్నగా వదిలేసేవారు, లేదా ఓ గీత గీసి సరిపెట్టేవారు. ఊదోన్ నల్లగుడ్డు ఉండాల్సిన చోట చిన్న గిన్నెలా తొలిచి, మధ్యలో కనుపాప కోసం ఇంకా లోతుగా బెజ్జం వేసేవాడు. తొలిచేటప్పుడు ఓ చిన్న రాతి పలుకును మాత్రం ఆ గుంట మీదికి వేలాడేలా ఉంచేసేవాడు. గుంటలో నీడ పడి కనుపాప నల్లగా అనిపిస్తుంది. వెలుతురు తగిలిన పలుకు తడికంటి మెరుపులా కనిపిస్తుంది. ముసలి వోల్టేర్ మనవైపే చూసి ఏదో చమత్కరించబోతున్నట్టు ఉంటుంది! ఇంత పల్చటి పలుకు ఉలి కాస్త జారినా విరిగిపోతుంది. కొలతలు పెట్టుకుని నకలు చేసేవాడికి ఇది తేలిగ్గా పట్టుబడదు.

సంతకాన్ని అంత నమ్మలేం. 19వ శతాబ్దపు నకళ్ల మీద కూడా ఊదోన్ పేరు చెక్కి ఉంటుంది. అంతకంటే పాత కాగితాలు మేలు: 1779 పారిస్ ప్రదర్శన జాబితా, కొన్నవాళ్ల రసీదులు, ఆస్తి పంపకాల పత్రాలు. శిల్పం చేతులు మారిన క్రమం అతుకుల్లేకుండా దొరికి, కళ్లూ సాక్ష్యం చెబితే మ్యూజియం వాళ్లు లేబుల్ మీద ధైర్యంగా ‘ఊదోన్’ అని రాస్తారు. నమూనా ఆయనదే అయినా చేయి ఎవరిదో తేలకపోతే ‘ఊదోన్ వర్క్‌షాప్’ అనో, ‘ఊదోన్ నమూనా ప్రకారం’ అనో ఉంటుంది.