తీర్మానం లేనిదే వీడియో ఇవ్వలేమన్న రోజు

చట్టసభలో జరిగిన ఘటన కోర్టుకెక్కిన ప్రతిసారీ ఒకటే పేచీ. సభ అనుమతి లేకుండా సచివాలయ సిబ్బంది సాక్ష్యం చెప్పవచ్చా, రికార్డులు అప్పగించవచ్చా? చట్టసభలకు ప్రత్యేక హక్కులిచ్చే రాజ్యాంగ 105 (పార్లమెంటు), 194 (రాష్ట్ర శాసనసభలు) అధికరణాల పాఠం అందరికీ తెలిసిందే. ఈ పేచీ అసలు రంగు తేలింది మాత్రం 2018లో, హైదరాబాద్‌లో.

ఆ ఏడాది మార్చి 12న తెలంగాణ అసెంబ్లీలో గవర్నర్ ప్రసంగం సాగుతుండగా కాంగ్రెస్ ఎమ్మెల్యే కోమటిరెడ్డి వెంకటరెడ్డి హెడ్‌ఫోన్ విసిరారు. అది తగిలి మండలి చైర్మన్ స్వామిగౌడ్ కంటికి గాయమైందని అధికార పక్షం చెప్పింది. మర్నాడే కోమటిరెడ్డితో పాటు మరో కాంగ్రెస్ ఎమ్మెల్యే సంపత్‌కుమార్ సభ్యత్వమూ రద్దయింది. హెడ్‌ఫోన్ స్వామిగౌడ్‌కు తగలనే లేదు, కావాలంటే పూర్తి వీడియో చూడండి అన్నది కాంగ్రెస్ నేతల వాదన. ఇద్దరూ ఆశ్రయించిన హైకోర్టూ వీడియోనే అడిగింది. సమర్పిస్తామని అప్పటి అడ్వకేట్ జనరల్ ప్రకాశ్‌రెడ్డి చెప్పారు. ఆ తర్వాత ప్రభుత్వ పక్షం స్వరం మారింది: సభ తీర్మానిస్తే తప్ప ఇవ్వడం కుదరదట! ఆ నెలాఖరులోనే అడ్వకేట్ జనరల్ రాజీనామా చేశారు. ఇద్దరి సభ్యత్వం తీసేయడానికి ఒక్క రోజు చాలిన సభకు ఈ తీర్మానానికి తీరిక చిక్కలేదు.

నిజానికి ఈ అనుమతి నియమం పాతదే. గుమాస్తాలు, షార్ట్‌హ్యాండ్ రాసేవారు తమ ప్రత్యేక అనుమతి లేకుండా సభా వ్యవహారాలపై బయట సాక్ష్యం చెప్పరాదని బ్రిటన్ కామన్స్ సభ 1818లోనే తీర్మానించింది. మన లోక్‌సభ 1957లో హక్కుల కమిటీ నివేదికను ఆమోదించి అదే బాట పట్టింది. అందులో తర్కం లేకపోలేదు. సభ్యుడి మాటకు ఉన్న రక్షణను సభ నౌకరు నోటి ద్వారా దొంగదారిన తీసేయకూడదు. కానీ సభ సమావేశంలో లేనప్పుడు న్యాయం ఆలస్యం కాకుండా స్పీకరే పత్రాలకు అనుమతించే వెసులుబాటూ అక్కడే ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

కేరళలో ఇదే వాదం తలకిందులైంది. 2015 మార్చి 13న బడ్జెట్ రోజు అసెంబ్లీలో స్పీకర్ కుర్చీ, కంప్యూటర్, మైకు ధ్వంసమైతే ఫిర్యాదు చేసింది స్వయానా సభ కార్యదర్శే. నష్టం 2,20,093 రూపాయలు. స్పీకర్ అనుమతి లేని ఫిర్యాదు, వీడియో చెల్లవని నిందితులైన ఎమ్మెల్యేలు వాదించారు. ఆస్తి ధ్వంసం సభా వ్యవహారం కాదంటూ సుప్రీంకోర్టు 2021 జూలై 28న ఆ వాదాన్ని తోసిపుచ్చింది.

తెలంగాణలో బహిష్కరణను హైకోర్టు 2018 ఏప్రిల్ 17న కొట్టేసింది. ఆ తీర్పు అమలు కాలేదు. 2019 ఫిబ్రవరిలో ధిక్కార కేసులో కోర్టు కాసేపు కస్టడీలో ఉంచి, పూచీకత్తుపై విడిచిపెట్టింది నాయకులెవరినీ కాదు, అసెంబ్లీ కార్యదర్శిని, న్యాయశాఖ కార్యదర్శిని.