బొంగరం పడిపోతే పిల్లల్ని అనకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

సెలవుల్లో పిల్లలతో బొమ్మలు చేయిస్తుంటాను. అట్టముక్కతో బొంగరం మొదలుపెట్టామంటే చాలు, పెద్దవాళ్లలో ఎవరో ఒకరు అననే అంటారు: "మావాడికి తిప్పడం రావట్లేదండీ."

అపోహ: బొంగరం పడిపోతోందంటే తిప్పడం చేతకాకే.

వాస్తవం: చాలాసార్లు లోపం వేళ్లలో ఉండదు, పుల్లకి అట్ట గుచ్చిన ఎత్తులో ఉంటుంది. చూడ్డానికి బాగుంటుందని పిల్లలు పుల్ల నడుముకి గుచ్చుతారు. బరువు అంత పైన ఉంటే వేగం కాస్త తగ్గగానే ఒరిగిపోతుంది. అట్టని కిందికి దించండి, మొన నుంచి ఒక సెంటీమీటరు ఎత్తు చాలు.

తర్వాత చూడాల్సింది చిల్లు. డబ్బా మూత పెట్టి గీసి, కంటి అంచనాతో చిల్లు పెడితే ఒక పక్క బరువెక్కుతుంది. కాంపస్‌తో గీస్తే ముల్లు దిగిన చోటే కేంద్రం. మూతే దిక్కయితే, అదే కొలతకి కాగితం కత్తిరించి రెండుసార్లు సగానికి మడవండి, మడత విప్పి అట్ట మీద పెట్టి, మడతలు కలిసే చోట గుచ్చండి. అప్పటికీ వణుకుతోందా? పుల్లని రెండు పుస్తకాల అంచుల మీద అడ్డంగా ఆన్చి వదలండి. బరువైన పక్క కిందికి వచ్చి ఆగుతుంది. పైనున్న అంచుకి చిన్న టేపు ముక్క అంటించండి. ఇందుకు అగ్గిపుల్ల పనికిరాదు, పలకలుగా ఉంటుంది. అగరుబత్తి కాలాక మిగిలే పుల్ల మేలు.

ఒక లైబ్రరీలో ఒకావిడ "వీడికి చదువు తప్ప చేతిపని అబ్బదండీ" అని పిల్లాడు వింటుండగానే అనేశారు. వాడు బొంగరం తీసి జేబులో కుక్కుకున్నాడు. బయటికి తీయించి, అట్ట దించమన్నాను. స్టీలు పళ్లెంలో చక్కగా తిరిగింది. ఇక వాడు ఊరుకోలేదు, అడక్కపోయినా అందరి అట్టలూ కిందికి నొక్కుతూ తిరిగాడు. ఒకమ్మాయి దగ్గర బాగా తిరుగుతున్న బొంగరాన్నీ నొక్కేసి తిట్లు తిన్నాడు!

అపోహ: బరువు పెంచితే ఎక్కువసేపు తిరుగుతుంది.

వాస్తవం: ఎంత బరువో కాదు, ఎక్కడుందో చూడాలి. అదే బరువుని కేంద్రం నుంచి రెట్టింపు దూరానికి జరిపితే, తిరిగేదాన్ని ఆపడం నాలుగు రెట్లు కష్టం. కాబట్టి మైనం ముద్దలు అంచు చుట్టూ సమాన దూరంలో పెట్టండి. మరీ ఎక్కువ పెట్టకండి, తిరగడం మొదలుపెట్టించడమూ అంతే కష్టం, చిన్న వేళ్లకి అంత బలం ఉండదు.

అపోహ: మొన సూదిలా ఉండాలి. అక్కర్లేదు. గచ్చు మీద నాలుగుసార్లు రుద్ది కాస్త గుండ్రంగా చేస్తే చాలు.

అపోహ: ఏడు రంగులు వేసి తిప్పితే తెల్లగా కనిపించి తీరాలి.

వాస్తవం: స్కెచ్ పెన్నులతో వేస్తే బూడిద రంగే వస్తుంది. ప్రతి రంగూ తన మీద పడ్డ వెలుగులో కొంత మింగేస్తుంది మరి. ప్రాజెక్టులో తెలుపు రాలేదని మార్కులు తగ్గించారట, ఒక పాప ఏడుస్తూ చూపించింది. పాపం, తను సరిగ్గానే చేసింది.

అపోహ: లక్క బొంగరాల రంగులు విషం. ఎవరు పుట్టిస్తారో ఈ వార్తలు! ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాక ఊరి కళాకారులు అంకుడు కర్రని చెక్కి, గింజలు, బెరళ్లు, వేర్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూస్తారు. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక సూచిక) వచ్చింది కూడా. అయితే ఆ పేరు చెప్పి ఎవరైనా వేరేవి అంటగట్టొచ్చు, ఎక్కడివో అడిగి కొనండి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం రంగు కన్నా ముందు సైజు చూడండి. నోట్లో పట్టే బొంగరం వాళ్ల చేతికి ఇవ్వొద్దు.