క్రొత్త పాట గొడవకు ముందు ఎఫెసులో ఏం పాడేవారు?

చర్చిలో ఏ పాటలు పాడాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చాలంటున్న పెద్దలు ఒకవైపు, కీబోర్డు, డ్రమ్స్‌తో వర్షిప్ పాటలు కావాలంటున్న యూత్ మరోవైపు. ఇద్దరూ తెరిచేది మాత్రం బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథమే. 5వ అధ్యాయంలో సింహాసనం ముందు పాడింది క్రొత్త పాటే కదా అని యూత్ అడుగుతారు. అక్కడ వీణలున్నాయి గానీ డ్రమ్స్ లేవని అవతలి జవాబు. 14వ అధ్యాయంలోనూ క్రొత్త పాట ఉంది. దాన్ని లక్షా నలభై నాలుగు వేలమంది తప్ప ఇంకెవరూ నేర్చుకోలేకపోయారు. ఆ వచనం జోలికి ఎవరూ పోవడం లేదు, ఎందుకో!

ఆ గ్రంథం రాసిన యోహాను, అతను దర్శనం చూసిన పత్మాసు ద్వీపం, ఎఫెసు, పెర్గము లాంటి ఊళ్లలోని (ఇప్పటి టర్కీ) ఏడు సంఘాలకు రాసిన ఉత్తరాలు అందరికీ తెలిసినవే. ఆ ఉత్తరాలు అందుకున్న ఊళ్లలో అప్పటికే ఎవరు, ఎవరి కోసం పాడుతున్నారో చూస్తేగానీ ఈ గ్రంథంలోని పాటలు అర్థం కావు.

క్రీ.పూ. 29లో రోమా దేవతకూ, తర్వాత అగస్టస్ పేరుతో తొలి రోమా చక్రవర్తి అనిపించుకున్న ఆక్టేవియన్‌కూ కలిపి పెర్గములో గుడి కట్టుకోవడానికి అనుమతి దొరికింది. ఆ పూజ కోసం ఒక గాయక సంఘం పుట్టింది. చక్రవర్తిని స్తుతిస్తూ పాడటమే దాని పని. సభ్యత్వం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. బయటివాళ్లు చేరాలంటే రుసుము కట్టాలి. పండుగలకు సంఘంలో ఎవరు ఎంత రొట్టె, ద్రాక్షారసం, సొమ్ము సమకూర్చాలో రాతి మీద చెక్కించుకున్నారు కూడా. ఎఫెసులోనూ గాయకులుండేవారు, కాకపోతే జీతాలకి. ఆ జీతాలు నగరం ఆదాయంలో పెద్ద వాటా మింగేస్తున్నాయని క్లౌదియ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 44లో, గవర్నరు పౌలస్ ఫాబియస్ పెర్సికస్ వాళ్లను తీసేశాడు. ఇకపై ఊరి కుర్రాళ్లే జీతం లేకుండా పాడాలని ఉత్తర్వు ఇచ్చాడు. పెర్గము గాయకులకు మాత్రం మినహాయింపు దొరికింది. ఖర్చు తగ్గించారే తప్ప పాట ఆపలేదన్నమాట.

క్రీ.శ. 89-90లో, డొమీషియన్ ఏలుబడిలో, చక్రవర్తుల వంశం పేరిట ఎఫెసులో మరో పెద్ద గుడి వెలిసింది. ప్రకటన గ్రంథాన్ని చాలామంది పండితులు ఆ ఏలుబడి చివరి రోజులకు, అంటే సుమారు 95కి చేరుస్తారు.

ఇప్పుడు 4వ అధ్యాయం చదవండి. ఇరవైనలుగురు పెద్దలు తమ కిరీటాలు తీసి సింహాసనం ముందు పడేస్తారు. 63లో తిరిదాతు అనే రాజు నీరో విగ్రహం ముందు తన కిరీటం పెట్టాడని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అంటే ఆ మర్యాద ఎవరికి చేసేదో ఆ కాలంవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 5వ అధ్యాయంలో శక్తి, ఐశ్వర్యం, ఘనత, మహిమ అన్నీ పొందడానికి వధించబడిన గొఱ్ఱెపిల్లే, అంటే క్రీస్తే, అర్హుడని కోట్ల గొంతులు పాడతాయి. రోము చేతిలో సిలువ మీద చనిపోయినవాడికి, రోము తన చక్రవర్తికి చేయించుకునే స్తుతి దక్కింది.

13వ అధ్యాయంలో మృగాన్ని పూజించేవాళ్లకూ ఒక స్తుతి ఉంది. దీనికి సాటి ఎవరు, దీనితో యుద్ధం చేయగలవాడెవరు అంటారు. ఎర్రసముద్రం దాటాక మోషే పాడిన పాటలో యెహోవాకు సాటి ఎవరన్న ప్రశ్నే ఇక్కడ తలకిందులైంది. 15వ అధ్యాయంలో మృగాన్ని జయించినవాళ్లు వీణలు పట్టుకుని మోషే పాటా గొఱ్ఱెపిల్ల పాటా పాడటంతో దానికి బదులు దొరుకుతుంది.

ఇదంతా మరీ రాజకీయం చేయడమే అనేవాళ్లున్నారు. 4వ అధ్యాయంలోని పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు అన్న స్తుతి పాత నిబంధనలోని యెషయా 6వ అధ్యాయంలోదేనని, మృతసముద్రం దగ్గరి కుమ్రానులో దొరికిన యూదుల విశ్రాంతిదినపు పాటల్లోనూ పరలోక ఆరాధన ఉందని, యోహాను తన సంఘంలో విన్న పాటలే రాసి ఉంటాడని వాళ్ల వాదన. మొదటి రెండూ నిజమే. అయితే 1971లో జర్మన్ పండితుడు క్లాస్-పీటర్ యోర్న్స్ ఈ పాటలు గ్రంథకర్త కథ కోసం కట్టినవేనని వాదించాడు. ప్రతి పాటా తనకు ముందున్న సన్నివేశానికి అంతగా అతుక్కుని ఉంది మరి.

హల్లెలూయనే తీసుకోండి. కొత్త నిబంధన మొత్తంలో అది 19వ అధ్యాయంలోనే, నాలుగుసార్లు వస్తుంది. బబులోను కూలిందని పాడే పాట అది. బబులోనంటే రోము అని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అంతకుముందు అధ్యాయంలో ఆ పట్టణపు వర్తకులు ఏడుస్తూ లెక్కపెట్టే సరుకులు బంగారం, ముత్యాలతో మొదలై బానిసలతో, మనుషుల ప్రాణాలతో ముగుస్తాయి. క్రిస్మస్‌కి కొయిర్లు హాండెల్ హల్లెలూయ పాడేటప్పుడు ఆ జాబితా ఎవరికి గుర్తొస్తుంది?

సుమారు 112లో, ఇప్పటి టర్కీ ఉత్తర భాగంలోని రోమా ప్రాంతం పొంతు-బితూనియ గవర్నరు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఫలానా రోజున తెల్లవారకముందే కలుసుకుని, క్రీస్తును దేవుడన్నట్టు స్తుతిస్తూ పాడుతున్నారని విచారణలో తేలిందట. చక్రవర్తి ప్రతిమకు ధూపం, ద్రాక్షారసం అర్పించి క్రీస్తును దూషించినవాళ్లను వదిలేశాడు. ఎన్నిసార్లు అడిగినా క్రైస్తవులమే అన్నవాళ్లకు మరణశిక్ష వేయించాడు. వాళ్లలో రోమా పౌరులను రోముకు పంపించాడు.